అపొ. కార్యములు 3:21 – ‘అన్నిటికి కుదురుబాటు కాలములు’ ఎప్పుడు, ఎవరికి?

తెనాలి_యువజన

అందరికీ వందనాలు. మా యువజన కూటంలో అపొస్తలుల కార్యములు వరుసగా చదువుతున్నాం. 3వ అధ్యాయం 21వ వచనం దగ్గర ఆగిపోయాం. “అన్నిటికి కుదురుబాటు కాలములు వచ్చునని దేవుడు ఆదినుండి తన పరిశుద్ధ ప్రవక్తల నోట పలికించెను, అంతవరకు యేసు పరలోక నివాసియై యుండుట ఆవశ్యకము” అని ఉంది కదా. కుదురుబాటు అంటే చెడిపోయింది తిరిగి బాగుపడటం. ఇది క్రీస్తు తిరిగి వచ్చి భూమిని ఏలే వెయ్యేండ్ల పరిపాలన అని ఒక తమ్ముడు అన్నాడు. చివరికి నరకంలో ఉన్నవాళ్లతో సహా అందరూ రక్షణ పొందుతారని దీని అర్థమంటూ యూట్యూబ్‌లో విన్నానని ఇంకొకరు చెప్పారు. మా సండేస్కూల్ అక్క మాత్రం ఇది కొత్త ఆకాశం, కొత్త భూమి గురించే అంటుంది. వచ్చే వారం చెప్పాల్సింది నేనే, కొంచెం టెన్షన్‌గా ఉంది. “అన్నిటికి” అన్నప్పుడు అందులో ఏమేం వస్తాయి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

బెరయ_చదువరి

బ్రదర్, ఆ ఒక్క వచనాన్ని విడిగా పట్టుకుంటే ముగ్గురి మాటా సరైనదిగానే అనిపిస్తుంది. అందుకే ముందు అధ్యాయం మొత్తం చూద్దాం.

పుట్టింది మొదలు నడవని మనిషి. వయసు నలభై దాటిందని 4:22 చెబుతోంది. రోజూ ఎవరో మోసుకొచ్చి శృంగారమను ద్వారం దగ్గర పెడతారు. గుడిలోకి వెళ్లేవాళ్లను చూస్తూ బయట కూర్చోవడమే అతని బతుకు. పేతురు చెయ్యి పట్టి లేపగానే పాదాలకు, చీలమండలకు బలం వచ్చింది. నడుస్తూ, గంతులు వేస్తూ, దేవుణ్ణి స్తుతిస్తూ వాళ్లతో కలిసి దేవాలయంలోకి వెళ్లాడు. జనం పరుగెత్తుకొచ్చారు. సొలొమోను మంటపంలో అతను ఇంకా పేతురునీ యోహానునీ పట్టుకొని ఉండగానే పేతురు ఈ ప్రసంగం చేశాడు. కాబట్టి ‘కుదురుబాటు’ అన్న మాట విన్నవాళ్ల కళ్ల ముందు అప్పుడే కుదుటపడిన మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. “కుంటివాడు దుప్పివలె గంతులువేయును” అని యెషయా 35లో ఉన్న మాట ఆ జనంలో చాలామందికి గుర్తొచ్చే ఉంటుందని నా నమ్మకం. ఆ అధ్యాయం అరణ్యం పూయడంతో మొదలై, విమోచింపబడినవారు పాటలు పాడుతూ సీయోనుకు రావడంతో ముగుస్తుంది. ఒక మనిషి కాళ్లూ, ఎండిపోయిన నేలా, చెదిరిపోయిన జనమూ ప్రవక్త చూపులో ఒకే పని.

ఇక ప్రసంగం వరుస చూడండి. మీరు జీవాధిపతిని చంపారు, దేవుడు ఆయన్ను లేపాడు. మారుమనస్సు పొంది తిరగండి, మీ పాపాలు తుడిచివేయబడతాయి. ప్రభువు సముఖం నుండి విశ్రాంతి కాలాలు వస్తాయి, ఆయన యేసును పంపుతాడు. ఆ తర్వాతే కుదురుబాటు మాట వస్తుంది. 25వ వచనంలో అబ్రాహాముకు ఇచ్చిన వాగ్దానం, భూలోక వంశాలన్నీ ఆశీర్వదింపబడతాయన్నది. ‘అన్నిటికి’ అన్న మాటకు వెడల్పు ఇచ్చేది ఈ వాగ్దానమే. ప్రవక్తలు ఏం చెప్పారో దాన్నంతా దేవుడు చేసి తీరుతాడు అన్నది వచనం చెప్పే మొదటి సంగతి. మిగతా చర్చ దాని మీద నిలబడాలి.

నరసాపురం_తీరం

చదువరి గారి వివరణ బాగుంది. కానీ ఇశ్రాయేలును పక్కన పెడితే ప్రవక్తల మాటకు అర్థం ఉండదు. మాది బ్రదరెన్ సంఘాల నేపథ్యం, 1836లో మిషనరీలు బౌడెన్, బీర్ దొరలు వచ్చినప్పటి నుంచి గోదావరి డెల్టాలో సాగుతున్న సాక్ష్యం. చిన్నప్పటి నుంచి మా పెద్దలు మాకు నేర్పింది ఇదే: ప్రవచనాన్ని ఉన్నది ఉన్నట్టు చదవాలి.

అపొ. 1:6లో శిష్యులు అడిగారు కదా, ఈ కాలమందు ఇశ్రాయేలుకు రాజ్యాన్ని మరల అనుగ్రహిస్తావా అని. యేసు ‘అలాంటిదేమీ లేదు’ అనలేదు. కాలాలు, సమయాలు తెలుసుకోవడం మీ పని కాదన్నాడు. ఆ తర్వాత రెండు అధ్యాయాలకే పేతురు అదే సంగతిని యెరూషలేములో యూదుల ముందు ఎత్తాడు. ఆమోసు 9లో పడిపోయిన దావీదు గుడారం, యెహెజ్కేలు 37లో ఎండిన ఎముకలు, యెషయా 11లో గొర్రెపిల్ల దగ్గర వాసం చేసే తోడేలు, ఇవన్నీ ఈ భూమి మీదే జరగాలి. ప్రకటన 20లో వెయ్యి సంవత్సరాల మాట ఆరుసార్లు వస్తుంది. ప్రభువు తిరిగి వచ్చి ఏలే ఆ కాలమే కుదురుబాటు కాలం. అందరూ రక్షణ పొందడం అనే ప్రశ్నే ఇక్కడ లేదు.

డల్లాస్_తెలుగు

లేదని ఎలా అంటారు అన్నా? “అన్నిటికి” అని పేతురు అన్నాడు. పౌలు అయితే ఇంకా విప్పి చెప్పాడు. కొలొస్సయులు 1:20 ప్రకారం సిలువ రక్తం చేత భూలోకంలో, పరలోకంలో ఉన్న సమస్తాన్నీ దేవుడు తనతో సమాధానపరచుకోవాలనుకున్నాడు. “ఆదామునందు అందరు ఏలాగు మృతిపొందుచున్నారో, ఆలాగుననే క్రీస్తునందు అందరు బ్రదికింపబడుదురు” అని 1 కొరింథీయులు 15:22. మొదటి ‘అందరు’కు మినహాయింపు లేదు, రెండో దానికి మాత్రం ఎందుకు? అదే అధ్యాయంలో 28వ వచనం “దేవుడు సర్వములో సర్వమగు నిమిత్తము” అంటుంది. ఒక మూల నిత్యం మండుతున్న ద్వేషం మిగిలి ఉంటే దేవుడు సర్వములో సర్వం ఎలా అవుతాడు?

ఇది యూట్యూబ్‌లో పుట్టిన బోధ కూడా కాదు. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో సంఘ బోధకుడు ఓరిగెన్ చెప్పాడు. 4వ శతాబ్దంలో నిస్సా బిషప్ గ్రెగొరీ చెప్పాడు. 379లో ఆయన అక్క మక్రీనా మరణశయ్య మీద ఉన్నప్పుడు ఇద్దరూ పునరుత్థానం గురించి మాట్లాడుకున్నట్టు ఆయన రాసిన సంభాషణ ఉంది. దేవుని అగ్ని పాపాన్ని కాల్చి మనిషిని శుద్ధి చేస్తుందని, చివరికి చెడుకు చోటే ఉండదని ఆ పుస్తకం చెబుతుంది. గ్రెగొరీని తూర్పు సంఘం, పడమటి సంఘం రెండూ ఇప్పటికీ పరిశుద్ధుడిగానే గౌరవిస్తాయి. 7వ శతాబ్దంలో నీనెవె బిషప్ ఇస్సాకు రాతల్లోనూ ఇదే నిరీక్షణ కనిపిస్తుంది.

గుంటూరు_మనవరాలు

మాది లూథరన్ కుటుంబం. 1842లో మిషనరీ హయ్యర్ అయ్యగారు గుంటూరుకు వచ్చి మొదలుపెట్టిన సంఘం మాది. మా అయ్యగారు నిర్ధారణ తరగతుల్లో ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు చదివించేవారు. లూథరన్ల విశ్వాస ప్రకటన అయిన 1530 నాటి ఆ ఒప్పుకోలు 17వ అంశంలో క్రీస్తు తిరిగి వచ్చి తీర్పు తీరుస్తాడని చెప్పి, శిక్షకు పాత్రులైన మనుషులకూ దయ్యాలకూ బాధ ముగుస్తుందని బోధించేవారిని స్పష్టంగా ఖండించారు. పునరుత్థానానికి ముందే భక్తులు ఈ లోకాన్ని ఏలుతారనే బోధను కూడా అదే అంశంలో తోసిపుచ్చారు. అంటే పైన వచ్చిన రెండు అభిప్రాయాల మీదా మా పెద్దలు ఎప్పుడో మాట్లాడారు.

మత్తయి 25:46 ప్రభువు సొంత మాట: “వీరు నిత్యశిక్షకును నీతిమంతులు నిత్యజీవమునకును పోవుదురు.” ఒకే వాక్యంలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. శిక్షకు ముగింపు ఉందంటే జీవానికి కూడా ముగింపు ఉందనాలి. ప్రాచీన సంఘ బోధకుడు అగస్టీన్ ‘దేవుని పట్టణం’ 21వ భాగంలో ఈ వాదనే చేశాడు.

నరసాపురం_తీరం

సిస్టర్, ఆ ఒప్పుకోలు తోసిపుచ్చింది పునరుత్థానానికి ముందు వచ్చే రాజ్యాన్ని. మేం చెప్పేది ప్రభువు రాకడ తర్వాతి రాజ్యం. రెండూ ఒకటి కావు.

బెరయ_చదువరి

డల్లాస్ బ్రదర్ చరిత్ర తెచ్చారు కాబట్టి మిగతా సగం కూడా ఇక్కడ ఉండాలి. ఓరిగెన్ బోధలో ఆత్మలు శరీరాల కంటే ముందే ఉన్నాయని, పడిపోయాయని, తిరిగి ఆ మొదటి స్థితికే చేరతాయని ఒక పెద్ద అల్లిక ఉంది. 543లో జస్టీనియన్ చక్రవర్తి దాన్ని ఖండిస్తూ శాసనం పంపాడు. 553లో కాన్‌స్టాంటినోపుల్ సభ కాలంలో పదిహేను ఖండనలు వచ్చాయి. వాటిలో మొదటిదే ఆత్మల పూర్వస్థితినీ, దాని వెంట వచ్చే పునఃస్థాపననూ కలిపి కొట్టివేసింది. అవి సభ అధికారిక తీర్మానాలా, లేక సభ తెరుచుకోకముందు బిషప్పులు ఒప్పుకున్నవా అని పండితులు ఇప్పటికీ వాదిస్తున్నారు. గ్రెగొరీ పేరు ఆ ఖండనల్లో లేదన్నది నిజం. ఓరిగెన్ కూడా సాతాను రక్షణ పొందుతాడని తాను బోధించానన్న నిందను ఒక ఉత్తరంలో కాదన్నాడు. రోమా చక్రవర్తి డెకియస్ క్రైస్తవులను హింసించినప్పుడు చిత్రహింసలు పడిన మనిషి, ఆయన్ను తేలిగ్గా మాట్లాడటం నాకిష్టం లేదు.

అయితే వచనం దగ్గరికి తిరిగి రండి. 21లో ‘అన్నిటికి కుదురుబాటు’ అన్న నోటితోనే పేతురు 23లో, మోషే వస్తాడని చెప్పిన ఆ ప్రవక్త మాట విననివాడు ప్రజలలో ఉండకుండా సర్వనాశనమవుతాడని అన్నాడు. ద్వితీయోపదేశకాండము 18, లేవీయకాండము 23 కలిపి చెప్పిన మాట అది. రెండు వచనాల దూరంలో ఉన్న ఈ హెచ్చరికను దాటేసి 21వ వచనాన్ని ‘అందరికీ రక్షణ’కు రుజువుగా వాడటం నాకు కుదరడం లేదు. మీ వాదనకు బలం ఉంటే అది పౌలు వచనాల్లో ఉంది. ఇక్కడ మాత్రం లేదు.

డల్లాస్_తెలుగు

23వ వచనం నేనూ చదివాను. నాశనం అన్నది దేవుని చివరి మాటేనా అని అడుగుతున్నాను. సొదొమ ఆకాశం నుంచి దిగిన అగ్నితో కాలిపోయింది కదా. యెహెజ్కేలు 16:53–55లో సొదొమనూ, దాని కుమార్తెలనూ పూర్వస్థితికి తెస్తానని దేవుడే అంటున్నాడు. యిర్మీయా 49:6లో అమ్మోనీయుల చెర కూడా తిప్పుతానన్నాడు. తీర్పు నిజం, భయంకరం. తీర్పు తర్వాత దేవుని చేతుల్లో ఏమీ మిగలదని అనడానికే నా నోరు రాదు.

నరసాపురం_తీరం

అమ్మోను గురించిన మాట ఆ దేశం గురించి, చనిపోయిన ఒక్కో మనిషి గురించి కాదు. సొదొమ విషయమూ నేను అలాగే చదువుతాను. యూదా గర్వాన్ని అణచడానికి అన్న మాట అది.

ఖమ్మం_టీచర్

ఇందాకటి నుంచి చదువుతున్నాను. ఎవరు లోపల, ఎవరు బయట అన్న దాని చుట్టే చర్చ తిరుగుతోంది. ‘అన్నిటికి’ అన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది పొలం.

లేవీయకాండము 25 తీయండి. యాభయ్యో ఏడు సునాద సంవత్సరం. అప్పుల్లో పోయిన భూమి తిరిగి ఆ కుటుంబానికి రావాలి. అమ్ముడుపోయిన మనిషి తన ఇంటికి రావాలి. భూమి నాది అంటాడు దేవుడు, కాబట్టి దాన్ని శాశ్వతంగా అమ్మడానికి వీల్లేదు. నెహెమ్యా 5లో ఈ మాట పేరెత్తకుండానే ఇదే జరిగింది. కరువులో పొలాలు, తోటలు, ఇళ్లు తాకట్టు పెట్టి, పిల్లల్ని దాసులుగా పంపిన జనం ఏడుస్తూ వచ్చారు. ఆ రోజే తిరిగి ఇచ్చేయండి అన్నాడు నెహెమ్యా, ఇచ్చారు. నజరేతు సమాజమందిరంలో యేసు యెషయా 61 తెరిచి చదివింది కూడా విడుదల మాటే. జక్కయ్య ఇంట్లో ఆయన కూర్చోగానే సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు.

ఇక్కడ నన్ను ఎప్పుడూ పట్టి ఆపే సంగతి ఒకటుంది. సునాద సంవత్సరపు బూర ఊదేది ఏ రోజు? ప్రాయశ్చిత్త దినాన. 25:9 చూడండి. ముందు పాపానికి పరిహారం, అదే రోజు పొలానికి విడుదల. పేతురు ప్రసంగంలోనూ అదే వరుస: 19లో పాపాలు తుడవడం, 21లో అన్నిటికి కుదురుబాటు. మన దగ్గర క్రైస్తవుల్లో ఎక్కువ మంది తాతముత్తాతలు సెంటు భూమి లేని పాలేర్లు. ఊరి బయట వాడల్లో ఉన్నవాళ్లు. వాళ్లు ఈ పుస్తకాన్ని పట్టుకున్నది చనిపోయాక ఎక్కడికి పోతామన్న ఒక్క ప్రశ్న కోసమే కాదు. దేవుడు తమను మనుషులుగా నిలబెడతాడని నమ్మారు. కుదురుబాటులో నేల, కూలి, గౌరవం లేకపోతే ప్రవక్తలు చెప్పినదాంట్లో సగం మనమే చింపేసినట్టు.

గుంటూరు_మనవరాలు

టీచర్ గారూ, ప్రాయశ్చిత్త దినం సంగతి ఎంత బాగా పట్టుకున్నారండీ. ఇది మా స్త్రీల సమాజంలో చెబుతాను.

నరసాపురం_తీరం

పేదల మీద మీ భారాన్ని గౌరవిస్తాను. కానీ 2 పేతురు 3లో పంచభూతాలు మిక్కిలి వేడిమితో లయమవుతాయని, భూమి, దాని మీద ఉన్న కృత్యాలు కాలిపోతాయని అదే పేతురు రాశాడు. కాలిపోయేదాన్ని కుదర్చడం ఏమిటి?

బెరయ_చదువరి

అదే అధ్యాయం 6వ వచనం కూడా చూడండి అన్నా. నోవహు నాటి లోకం నీటివరదలో మునిగి నశించింది అంటాడు పేతురు. నశించింది అన్నాడు, కానీ నోవహు ఓడ దిగింది ఈ భూమి మీదే కదా. నీళ్లు దుష్టత్వాన్ని తుడిచాయి, సృష్టి నిలిచింది. అగ్ని పని కూడా అలాగే ఉంటుందని నేను చదువుతాను. 13వ వచనంలో మనం కనిపెట్టేది నీతి నివసించే కొత్త ఆకాశం, కొత్త భూమి కోసం.

రోమా 8 కూడా ఈ వైపే ఉంది. “సృష్టి యావత్తు ఇదివరకు ఏకగ్రీవముగా మూలుగుచు ప్రసవవేదన పడుచునున్నది” అన్నాడు పౌలు. ప్రసవవేదన అన్నాడు, మరణవేదన అనలేదు. ప్రకటన 21:5లో సింహాసనం మీద ఉన్నవాడు “ఇదిగో సమస్తమును నూతనమైనవిగా చేయుచున్నాను” అన్నాడు. ఉన్న సమస్తాన్నే కొత్తగా చేస్తున్నాడు.

పార్వతీపురం_చెల్లి

నేను ఎక్కువ చదువుకోలేదు. మా ఇంట్లో ప్రభువును మొదట నమ్మింది నేనే. మా నానమ్మ ఆ పేరు సరిగ్గా వినకుండానే వెళ్లిపోయింది. నన్ను పెంచింది ఆమే. తను తినకుండా నాకు పెట్టేది. ఈ ‘అన్నిటికి’లో మా నానమ్మ ఉందా? మీరు చెప్పే శతాబ్దాలు నాకు తెలియవు. ఉంది అంటే నమ్మాలని ఉంది. లేదు అని మా సంఘంలో ఒకరు మొహం మీదే అన్నారు, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

డల్లాస్_తెలుగు

చెల్లీ, “మనుష్యులందరు రక్షణపొంది సత్యమునుగూర్చిన అనుభవజ్ఞానముగలవారై యుండవలెనని” దేవుడు కోరుతున్నాడని 1 తిమోతి 2:4లో ఉంది. మీ నానమ్మ ఆ ‘అందరు’లో ఉంది. నేను ఇంత పట్టుదలగా వాదించేది ఇందుకే.

పల్లె_కాపరి

అమ్మా, నేను పాస్టర్‌ని, చిన్న పల్లె సంఘం. మీలాంటి ప్రశ్న అడగని ఇల్లు మా ఊళ్లో లేదు. ‘ఉంది’ అని గానీ ‘లేదు’ అని గానీ చెప్పే అధికారం నాకు లేదు. మీ మొహం మీద అలా అన్నవాళ్లకు కూడా లేదు. తీర్పు కుమారునికి అప్పగించబడింది, మాకు కాదు.

ఇదే సొదొమ గురించి అబ్రాహాము దేవుని ఎదుట నిలబడి “సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా” అని అడిగాడు. దేవుడు కోపగించుకోలేదు, అతను అడిగినన్నిసార్లూ జవాబిచ్చాడు. మీరూ అడగండి. నానమ్మ పేరు పెట్టి అడగండి. మిమ్మల్ని ప్రేమించిన ఆ ప్రేమ ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఆయనకు తెలుసు.

చర్చ చేస్తున్న సహోదరులకు ఒక మాట. లూకా 13:23లో ఒకడు ప్రభువును ఇదే అడిగాడు, రక్షణ పొందేవారు కొద్దిమందేనా అని. ఆయన లెక్క చెప్పలేదు. ఇరుకు ద్వారమున ప్రవేశింప పోరాడుడి అన్నాడు. అడిగినవాడి వైపే తిప్పాడు. అందరూ వస్తారని నేను సిద్ధాంతంగా బోధించను, మత్తయి 25 నన్ను ఆపుతుంది. అందరూ రావాలని ప్రతి రాత్రీ ప్రార్థన చేస్తాను, 1 తిమోతి 2 నాతో చేయిస్తుంది. ఈ రెండిట్లో ఏదో ఒకటే పట్టుకోమని నాకు ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు.

డల్లాస్_తెలుగు

పాస్టర్ గారూ, మీరు ప్రార్థించేది దేవుని చిత్తమే అయితే ఆయన దాన్ని నెరవేర్చలేడా? ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

పల్లె_కాపరి

అడుగుతూ ఉండండి బ్రదర్. మత్తయి 23:37లో ప్రభువు యెరూషలేమును చూసి ఎన్నోమార్లు చేర్చుకోవాలనుకున్నాను, మీరు ఒల్లకపోతిరి అన్నాడు. ఆయన కోరిక, వాళ్ల నిరాకరణ రెండూ ఆ వచనంలో ఉన్నాయి. నేను అక్కడ ఆగుతాను.

వేదిక_నిర్వాహకుడు

ఈ మాటకూ యెహోవాసాక్షులకూ సంబంధం ఏమిటని ఇద్దరు సభ్యులు వేరుగా అడిగారు కాబట్టి ఇక్కడే జవాబు. ‘కుదురుబాటు కాలములు’ అన్న మాటను అమెరికాలో చార్లెస్ రస్సెల్ (1852–1916) తన బోధకు కేంద్రంగా చేసుకున్నాడు. వెయ్యేండ్లలో మనుషులు ఈ భూమి మీద ఆదాము పోగొట్టుకున్న సంపూర్ణతకు తిరిగి వస్తారన్నది ఆయన మాట. యెహోవాసాక్షుల మూలాలు అక్కడే ఉన్నాయి. దాని మీద మాట్లాడాలంటే వేరే చర్చ తెరవండి, ఏ సంఘాన్నీ కించపరచకుండా రాయండి.

పార్వతీపురం_చెల్లి

పాస్టర్ గారూ, పేరు పెట్టి అడగొచ్చని నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. వందనాలు.

తెనాలి_యువజన

ఇంత రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నేను 3వ అధ్యాయం మొత్తం చదివించి, ఆ నడవని మనిషి దగ్గరే మొదలుపెడదామనుకుంటున్నాను. తర్వాత యెషయా 35, లేవీ 25, రోమా 8. అందరికీ రక్షణ సంగతి మా వాళ్లు తప్పకుండా అడుగుతారు. 3:23, కొలొస్సయులు 1:20 రెండూ చదివించి, రెండు వైపులా చెబుతాను. ఒక సందేహం మిగిలింది. మత్తయి 17:11లో ఏలీయా వచ్చి సమస్తమును చక్కపెట్టునని ప్రభువు అన్నాడు. మరి అపొ. 3లో అది యేసు రాకడతో వస్తుందని ఉంది. చక్కపెట్టేది ఎవరు?

బెరయ_చదువరి

మత్తయిలోనే తర్వాతి వచనం చూడండి. ఏలీయా ఇదివరకే వచ్చాడు, వాళ్లు అతన్ని గుర్తించక తమకిష్టం వచ్చినట్టు చేశారు అన్నాడు ప్రభువు. ఆ మాట బాప్తిస్మమిచ్చు యోహాను గురించి అని శిష్యులు గ్రహించారు. మలాకీ 4:6 ప్రకారం ఏలీయా పని తండ్రుల హృదయాలను పిల్లల తట్టు, పిల్లల హృదయాలను తండ్రుల తట్టు తిప్పడం. యోహాను యొర్దాను దగ్గర చేసింది అదే. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఇవ్వాలన్నాడు, సుంకరులను నిర్ణయించినదాని కంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు. చెరసాలలో తల పోగొట్టుకున్నాడు. మనుషుల్ని తిప్పడం యోహానుతో మొదలైంది, ముగించేది యేసు. మీ పిల్లలకు లూకా 3:10–14 కూడా చదివించండి, వాళ్లకు బాగా అందుతుంది.

ఖమ్మం_టీచర్

4వ అధ్యాయం మొదటి నాలుగు వచనాలు కూడా కలపండి బ్రదర్. ఈ ప్రసంగం అయ్యీ అవకముందే పేతురునీ యోహానునీ పట్టుకొని కావలిలో పెట్టారు.

డల్లాస్_తెలుగు

కొలొస్సయులు 1:20 మీద విడిగా చర్చ మొదలుపెడుతున్నాను. నరసాపురం అన్నా, చదువరి గారూ, మీరిద్దరూ రావాలి. 15 నుంచి 23 దాకా కలిపి చదువుదాం, 23లో “విశ్వాసమందు నిలిచియుండినయెడల” అన్న షరతు సంగతి కూడా నేను దాటెయ్యను.